మంత్రాల ఇంటికి కన్నం వేయడం ఎలా?

ఒక్కొక్కరం ఒక్కో పాత్ర వేస్తూ పాచికలతో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో మేం మొదటిసారి ఒక విజార్డ్ (మంత్రగాడు) ఇంటికి కన్నం వేసినప్పుడు గడప కూడా దాటలేదు. ఆటలో అర్ధరాత్రి, వాన, వీధిలో పురుగు లేదు. మా విజార్డ్ ధీమాగా తాళాలు తీసే 'నాక్' అనే స్పెల్ (మంత్రం) వేశాడు. తలుపు తెరుచుకుంది. డీఎం (ఆట నడిపించేవాడు) నవ్వుకుంటూ ఆ స్పెల్ వివరణ చివరి వాక్యం పైకి చదివాడు. స్పెల్ పడగానే తలుపులోంచి గట్టిగా తట్టిన శబ్దం వస్తుంది, అది 300 అడుగుల దాకా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లే కాదు, వీధి చివర గస్తీవాళ్లు కూడా లేచి వచ్చారు. పేరే 'తలుపు తట్టడం' అని పెట్టుకున్న స్పెల్ చప్పుడు చేస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రాత్రి నుంచి స్పెల్‌ని పొలం దస్తావేజు చదివినట్టు చదవడం అలవాటైంది. హద్దులేమిటి, గడువెంత, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు. ఇక్కడ చెప్పేదంతా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఐదో ఎడిషన్ 2014 నిబంధనల ప్రకారం. మీరు 2024 పుస్తకంతో ఆడుతుంటే ప్రతి స్పెల్ మాటలూ ఒకసారి సరిచూసుకోండి.

మొదటి పని: ఇంటాయన స్తోమత లెక్కకట్టండి

తలుపు దగ్గరికి వెళ్లకముందే సగం పని అయిపోవాలి. కాపలా మంత్రాలకు ఖర్చుంటుంది, లెవెల్ ఉంటుంది, గడువుంటుంది. ఈ మూడూ పట్టుకుంటే లోపల ఏముందో చాలావరకు తెలిసిపోతుంది.

తలుపుని మంత్రంతో బిగించే ఆర్కేన్ లాక్‌కి 25 బంగారు నాణేల విలువ చేసే బంగారు పొడి పోతుంది. ఒకసారి వేస్తే ఎవరో ఒకరు తీసేదాకా ఉంటుంది. అంటే ఓ మోస్తరు వ్యాపారి కూడా పిలిపించి వేయించుకోగలడు. కాస్త విలువైన ప్రతి తలుపుకీ ఇది ఉందనే అనుకోండి. ఉచ్చులా పనిచేసే మంత్రపు గుర్తు, గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్‌కి 200 బంగారు నాణేల వజ్రపు పొడి, ఒక గంట సమయం కావాలి. అది మూడో లెవెల్ స్పెల్ కాబట్టి వేసే విజార్డ్ కనీసం ఐదో లెవెల్‌లో ఉండాలి. ఇల్లంతటికీ కాపలా కాసే గార్డ్స్ అండ్ వార్డ్స్ అయితే ఆరో లెవెల్ స్పెల్, పదకొండో లెవెల్ విజార్డ్ పని. అంతటివాడు ఊళ్లో ఉంటే టీ అంగడిలో అడిగినా పేరు చెప్తారు. వజ్రాల పొడి ఎవరు కొంటున్నారో సంతలో వాకబు చేయడం మా పార్టీలో (మా పాత్రల జట్టులో) ఇప్పుడు ఆనవాయితీ. ఒక పూట పోతుంది, ఒక ప్రాణం మిగులుతుంది.

ఎవరైనా వస్తే హెచ్చరించే అలారం మంత్రం సంగతి వేరు. దానికి పైసా ఖర్చు లేదు. రిచువల్‌గా (తీరిగ్గా, పూజలా) వేస్తే స్లాట్ (రోజుకి ఇన్నే అని ఉండే మంత్రాల కోటా) కూడా పోదు. కానీ గడువు 8 గంటలే. అంటే ఎవరో ఒకరు రోజూ వేయాలి. రెండు రాత్రులు ఎదురింటి డాబా మీద కూర్చుని చూడండి. చిన్న గంట, సన్నటి వెండి తీగ పట్టుకుని తలుపు దగ్గర గొణిగే మనిషి ఎన్నింటికి వస్తున్నాడు? రాత్రి పదికి వేస్తే తెల్లవారి ఆరుకి అది పోతుంది. ఆయన ఏడింటికి గానీ నిద్ర లేవడంటే ఆ గంట మీది.

ఇంకో చిన్న సంగతి. అలారం రెండు రకాలు. ఒకటి పైకి వినిపించే గంట, 10 సెకన్లు, 60 అడుగుల దాకా. రెండోది వేసినవాడి మనసులో మాత్రమే మోగేది. నిద్రపోతున్నా లేపుతుంది, కానీ అతను మైలు దూరం లోపల ఉంటేనే. అందుకని మా బార్డ్ (పాటగాడి పాత్ర) ఒకసారి విజార్డ్ గారిని రెండు మైళ్ల అవతల పెళ్లి విందుకి సాదరంగా తీసుకెళ్లాడు. ఆ పెళ్లివాళ్లెవరో మా బార్డ్‌కి కూడా తెలియదు.

రెండో పని: డిటెక్ట్ మ్యాజిక్, దాని అబద్ధాలు

మంత్రాల జాడ పట్టే ఈ స్పెల్‌నీ రిచువల్‌గా వేయొచ్చు, పది నిమిషాలు ఎక్కువ పడుతుందంతే. 30 అడుగుల లోపల మంత్రం ఉంటే తెలుస్తుంది. ఒక యాక్షన్ (ఆటలో ఒక చర్య) వాడి చూస్తే కంటికి కనిపించే వస్తువు చుట్టూ సన్నటి వెలుగు, అది ఏ స్కూల్ (రకం) మంత్రమో తెలుస్తాయి. అలారం, ఆర్కేన్ లాక్, గ్లిఫ్, ఫర్బిడెన్స్ (దీని సంగతి తర్వాత) అన్నీ అబ్జురేషన్, అంటే రక్షణ మంత్రాల స్కూలే. కాబట్టి 'కాపలా ఉంది' అని తెలుస్తుంది గానీ 'ఏ కాపలా' అన్నది తెలియదు. తలుపు దగ్గర ఇల్యూజన్ (మాయ) కనిపిస్తే మ్యాజిక్ మౌత్ (మాట్లాడే మంత్రపు నోరు) అయ్యుండొచ్చు, లేదా ఆ తలుపే బొంకు అయ్యుండొచ్చు.

అడుగు మందం రాయి, అంగుళం మందం మామూలు లోహం, మూడడుగుల చెక్క లేదా మట్టి, పల్చటి సీసపు రేకు, వీటిలో ఏది అడ్డొచ్చినా ఇది ఆగిపోతుంది. ఇల్లంతా దీపావళిలా వెలుగుతూ ఒక్క అలమరా మాత్రం చీకటిగా ఉంటే సంతోషించకండి. సీసం పరిచారేమో చూడండి. నా లెక్కలో అలాంటి చీకటి అలమరాలోనే అసలు సరుకుంటుంది.

డిటెక్ట్ మ్యాజిక్‌కి కాన్‌సెంట్రేషన్ (వేసినవాడి ఏకాగ్రత) కావాలి. తర్వాత వాడబోయే, చప్పుడు ఆపే సైలెన్స్‌కీ కావాలి. ఒకే మనిషి రెండూ మోయలేడు. ఎవరు ఏది పట్టుకోవాలో బయటే తేల్చుకోండి, గుమ్మం దగ్గర వాదులాడుకోకండి.

మూడో పని: వాక్యం చదవండి

హిరణ్యకశిపుడు ఎన్ని షరతులు పెట్టుకున్నాడు! పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయట కాదు, మనిషి చేత కాదు, మృగం చేత కాదు. చివరికి గడపా, సంధ్యా, సింహం తలా అతని జాబితాలో లేకుండా పోయాయి. కాపలా మంత్రాలన్నీ ఇదే తంతు. ప్రతిదాని వెనకా ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలో లేని మాట ఏదో కనిపెట్టడమే మీ పని.

అలారం వాక్యం చూడండి: 'టైనీ' (అతి చిన్న) పరిమాణమో అంతకన్నా పెద్దదో అయిన ప్రాణి తాకితే, లేదా లోపలికి వస్తే. ఇందులో 'కనిపిస్తే' అన్న మాట లేదు, 'వినిపిస్తే' అన్న మాటా లేదు. అంటే అదృశ్యమై వెళ్లినా మోగుతుంది. గ్యాసియస్ ఫార్మ్‌తో పొగై తలుపు సందులోంచి దూరినా మోగుతుంది, పొగలా ఉన్నా మీరు ప్రాణే. మిస్టీ స్టెప్‌తో కిటికీలోంచి చూసి లోపలికి దూకినా అంతే. 'మా గుడ్లగూబని పంపుదాం' అని కొత్తవాళ్లు తప్పకుండా అంటారు. ఫెమిలియర్ (విజార్డ్‌కి తోడుండే మంత్రపు జీవి) గుడ్లగూబ టైనీయే, కాబట్టి మోగుతుంది. ఇంటాయన తన పిల్లిని జాబితాలోంచి మినహాయించుకుని ఉండొచ్చు, మీ గుడ్లగూబని కాదు.

మరి ఏది మోగించదు? ప్రాణి కానిది. మేజ్ హ్యాండ్ మంత్రంతో తేలే చెయ్యి, ప్రాణి కాదు. కనిపించకుండా పనులు చేసే అన్‌సీన్ సర్వెంట్‌ని పుస్తకం రూపం లేని, బుద్ధి లేని శక్తి అంటుంది. ఈ రెండోది దొంగల పాలిట కల్పవృక్షం. మొదటి లెవెల్, రిచువల్, గంటసేపు ఉంటుంది, మీ నుంచి 60 అడుగులు దాటకూడదు. బలం 2, అంటే 30 పౌండ్లు, పదమూడు కిలోల పైచిలుకు మోయగలదు. గది మొత్తానికి అలారం ఉంటే మీరు లోపలికి వెళ్లకండి. సర్వెంట్‌ని పంపి వస్తువుని బయటికి తెప్పించుకోండి. కన్నం వేసేటప్పుడు దొంగే లోపలికి వెళ్లాలన్న రూలేమీ లేదు.

మ్యాజిక్ మౌత్ దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు. దాని షరతు కంటికి కనిపించేదో చెవికి వినిపించేదో అయ్యుండాలి, అదీ 30 అడుగుల లోపల. అదృశ్యంగా, చప్పుడు లేకుండా వెళ్తే అది నోరు మెదపదు. అలారం దగ్గర పనికిరాని ఉపాయం ఇక్కడ పనికొస్తుంది. అందుకే 'అందరం ఇన్విజిబుల్ అయిపోదాం' అనే ముందు ఏ కాపలా దేన్ని పసిగడుతుందో అడగమంటాను.

నాలుగో పని: తలుపు

ఆర్కేన్ లాక్ పడిన తలుపు పగలగొట్టడానికీ, తాళం విప్పడానికీ డీసీ (పాచిక వేసి నెగ్గాల్సిన అంకె) 10 పెరుగుతుంది. మామూలు తాళం డీసీ 15, అంటే ఇప్పుడు 25. మంచి రోగ్ (దొంగ పాత్ర) ఉంటే సాధ్యమే, కానీ పాచికలు మీ వైపు ఉండాలి.

మంత్రాల్ని తీసేసే డిస్పెల్ మ్యాజిక్ వేస్తే ఆర్కేన్ లాక్ శాశ్వతంగా పోతుంది. చాలామంది ఇదే వేస్తారు. నాకు నచ్చదు. విలువైన మూడో లెవెల్ స్లాట్ పోతుంది. పైగా పొద్దున్నే ఇంటాయన తలుపు ముట్టుకోగానే కట్టు తెగిందని తెలిసిపోవచ్చు. నాక్ అయితే ఆ కట్టుని పది నిమిషాలు పక్కన పెడుతుందంతే, తర్వాత అది తనంతట తనే తిరిగొస్తుంది. మీరు వచ్చి వెళ్లిన జాడ ఉండదు.

చప్పుడు మాటేమిటంటారా? ఆ వాక్యాన్నే మళ్లీ చదవండి. శబ్దం వచ్చేది స్పెల్ వేసినవాడి నుంచి కాదు, తలుపు నుంచి. సైలెన్స్ 20 అడుగుల వ్యాసార్ధంలో ఏ శబ్దమూ పుట్టనివ్వదు, దాటనివ్వదు. కాబట్టి క్లెరిక్ (పూజారి పాత్ర) గానీ బార్డ్ గానీ తలుపు మీద సైలెన్స్ వేయాలి. నాక్ వేసేవాడు ఆ వలయం బయట నిలబడాలి. లోపల ఉంటే మంత్రం పలకలేడు, నాక్‌కి ఉన్నదల్లా నోటిమాటే. నాక్ 60 అడుగుల దాకా పారుతుంది. అంటే తలుపుకి పాతిక నుంచి అరవై అడుగుల మధ్య ఎక్కడ నిలబడినా సరే. తలుపు తట్టుకుంటుంది, ఎవరికీ వినపడదు. సైలెన్స్ గడువు పది నిమిషాలు, నాక్ ప్రభావమూ పది నిమిషాలు. అంటే ఆట లెక్కలో వంద రౌండ్లు (వంతులు). ఒకరు కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టండి.

ఇక్కడ రెండు చిక్కులు. నాక్ ఒక్క తాళాన్నే తీస్తుంది. మంత్రపు కట్టు కింద మామూలు తాళం, లోపల అడ్డగడియ కూడా ఉంటే మిగతావి రోగ్ చూసుకోవాలి. రెండోది, పైకి మోగే అలారం గంట సైలెన్స్‌లో మునిగిపోతుంది గానీ మనసులో మోగే అలారానికి చెవులతో పనిలేదు. అందుకే తలుపుని మీ చేత్తో తోయకండి. సర్వెంట్ చేత తీయించండి.

ఇంతకన్నా చవకైన దారి పాస్‌వర్డ్. ఆర్కేన్ లాక్ వేసేటప్పుడు ఒక మాట పెట్టుకోవచ్చు. తలుపుకి ఐదడుగుల లోపల ఆ మాట అంటే నిమిషంసేపు కట్టు వదులుతుంది. దాన్ని వాడి తలుపు తీసేవాడు నోటితో పలకాల్సిందే, గొణిగినా సరే. గుడ్లగూబని లోపలికి పంపకండి గానీ ఎదురు చెట్టు మీద కూర్చోబెట్టండి. వంద అడుగుల లోపల ఉంటే దాని చెవులతో మీరు వినొచ్చు. మేం అలా పట్టుకున్న మొదటి పాస్‌వర్డ్ ఇంటావిడ పుట్టింటి పేరు.

ఐదో పని: గ్లిఫ్ దగ్గర తొందరపడకండి

పార్టీలు చచ్చేది ఇక్కడే. గ్లిఫ్ దాదాపు కనపడదు. వేసినవాడి స్పెల్ సేవ్ డీసీ (అతని మంత్రాల్ని తట్టుకోవడానికి నెగ్గాల్సిన అంకె) మీద ఇన్వెస్టిగేషన్ (వెతుకులాట పాచిక) నెగ్గితేనే దొరుకుతుంది. పేలే రకమైతే 20 అడుగుల వ్యాసార్ధంలో 5డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు ఐదు) దెబ్బ, సగటున 22 పైమాట. సేవ్ (తప్పించుకునే పాచిక) నెగ్గితే సగం. 'నేను గోడ పక్కన నక్కి ఉంటాను' అనేవాళ్లకి ఒక మాట: ఆ పేలుడు మూల తిరిగి కూడా వస్తుంది. గోడ చాటు కాదు, దూరమే రక్ష.

దీనికి ఒక గొప్ప లొసుగుంది. గ్లిఫ్ గీసిన వస్తువుని అది వేసిన చోటు నుంచి 10 అడుగులు దాటించి జరిపితే గ్లిఫ్ పేలకుండానే చెరిగిపోతుంది. పెట్టె తెరిస్తే పేలే గ్లిఫ్ ఉంటే పెట్టె తెరవకండి. 50 అడుగుల తాడు కట్టి, సర్వెంట్‌తో ముడి వేయించి, దూరం నుంచి లాగండి. పదకొండో అడుగు దగ్గర అది మామూలు చెక్కపెట్టె అయిపోతుంది. నేలకి దిగ్గొట్టిన పెట్టె కనిపిస్తే ఇంటాయన కూడా ఈ లొసుగు చదివాడన్నమాట, గౌరవించండి.

కానీ గ్లిఫ్ షరతు వేసినవాడి ఇష్టం. 'కదిపితే' అని పెట్టి ఉంటే మొదటి కుదుపుకే పేలుతుంది. అప్పుడు 120 అడుగుల దూరం నుంచి పెట్టె మీద డిస్పెల్ మ్యాజిక్ వేయండి. మూడో లెవెల్‌లో వేసిన గ్లిఫ్ అయితే మారుమాట లేకుండా పోతుంది. ఇంకా పై లెవెల్‌లో వేసి ఉంటే 10కి ఆ లెవెల్ కలిపిన డీసీ నెగ్గాలి. తలుపు దగ్గర దాచుకోమన్న స్లాట్ ఇందుకే.

షరతు జాతిని బట్టి ఉంటే, 'మనిషి అడుగు పెడితే' లాంటిదైతే, మీ విజార్డ్ దగ్గర మ్యాజిక్ ఆరా ఉందేమో చూడండి. రెండో లెవెల్ స్పెల్, రోజంతా ఉంటుంది. మీరు మనిషే, కానీ జాతిని పసిగట్టే మంత్రాల కంటికి వేరే ఏదోలా కనిపిస్తారు. నరసింహుడి ఉపాయమే, కాస్త తక్కువ ఖర్చులో.

గొర్రెనో మేకనో ముందు తోలే పద్ధతి గురించి కూడా అడుగుతారు. పుస్తకంలో మేక ధర ఒక బంగారు నాణెం, కోడి రెండు రాగి నాణేలు. పనిచేస్తుంది, కాదనను. కానీ పేలుడు శబ్దానికి ఊరు లేస్తుంది. మా టేబుల్ దగ్గర మేక చచ్చిన రోజు మా క్లెరిక్ ఆడే అమ్మాయి గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆరో పని: పెద్దిళ్లు

గార్డ్స్ అండ్ వార్డ్స్ ఉన్న ఇంట్లో వరండాల నిండా పొగమంచు. రెండు దారులు కలిసే చోట మీరు ఒకవైపు వెళ్తున్నామనుకుని ఇంకోవైపు వెళ్లే అవకాశం సగానికి సగం. మెట్ల నిండా సాలెగూడు, కాల్చినా పది నిమిషాల్లో మళ్లీ అల్లుకుంటుంది. డిస్పెల్ వేస్తే వీటిలో ఒక్కటే పోతుంది, మిగతావి అలాగే ఉంటాయి. కాబట్టి లోపల పోరాడకండి. దీని బలహీనత గడువులో ఉంది. ఇది 24 గంటలే. ఒకే చోట ఏడాదిపాటు రోజూ వేస్తేనే శాశ్వతమవుతుంది. ఏడాది నిండని ఇల్లయితే ఒక్క రోజు ఆ విజార్డ్‌ని ఇంటికి రానివ్వకుండా చూడండి. ఇందాకటి పెళ్లి విందు ఉండనే ఉంది. దీనికీ పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది, అది దొరికితే అన్నిటికీ ఒక్కటే మందు.

ఫర్బిడెన్స్, ప్రైవేట్ శాంక్టమ్ పేర్లు వింటే కొత్తవాళ్లు హడలిపోతారు. ఫర్బిడెన్స్ టెలిపోర్ట్‌ని (మంత్రంతో ఒకచోట మాయమై ఇంకోచోట తేలడాన్ని) ఆపుతుంది, దెబ్బ కొట్టేది మాత్రం సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే, ఫీండ్, అన్‌డెడ్ అనే వేరే లోకపు, చచ్చి లేచిన జీవుల్లో ఎంచుకున్న వాటినే. మామూలు మనుషులు నడిచి వెళ్లొచ్చు. శాంక్టమ్ కూడా చూపునీ, శబ్దాన్నీ, టెలిపోర్ట్‌నీ అడ్డుకుంటుంది గానీ కాళ్లని కాదు. ఆకాశమార్గాలన్నీ మూసి వీధి గుమ్మం వదిలేసిన ఇళ్లు ఇవి.

వాల్ ఆఫ్ ఫోర్స్ (మంత్రపు గోడ) ఎదురైతే డిస్పెల్ దండగ, దాని మీద పనిచేయదు. ధూళి చేసేసే డిస్‌ఇంటిగ్రేట్ మంత్రం ఉంటే పోతుంది. లేకపోతే దాన్ని పట్టుకుని కాన్‌సెంట్రేషన్‌లో ఉన్నవాడు దగ్గర్లోనే ఎక్కడో ఉంటాడు. అతన్ని వెతికి కదిలించండి, లేదా పది నిమిషాలు ఆగండి.

ఏడో పని: డీఎంతో మాట

'అన్‌సీన్ సర్వెంట్ ప్రాణి కాదు కదా' అన్న ప్రశ్న గది గుమ్మంలో అడగకండి. ఆట మొదలవకముందే అడగండి. మధ్యలో అడిగితే వాదనలా వినిపిస్తుంది, ముందే అడిగితే ప్లాన్‌లా వినిపిస్తుంది. కాదన్నాడా, సరే, ఆ టేబుల్ దగ్గర అదే చట్టం. ఒకే ఉపాయం వరసగా మూడు వారాలు వాడితే మాత్రం డీఎం కూడా చదువుకుంటాడని గుర్తుంచుకోండి.

మా డీఎం చదువుకున్నాడు. నాలుగో ఇంటికి వెళ్లినప్పుడు అన్నీ లెక్క ప్రకారం చేశాం. అలారం గడువు దాటాక వెళ్లాం, తలుపు చప్పుడు లేకుండా తెరిచాం, పెట్టెని తాడుతో పదకొండు అడుగులు లాగాం. వెనక్కి తిరిగితే పెరటి గుమ్మంలో కుక్క. వేటకుక్క ధర పుస్తకంలో 25 బంగారు నాణేలు, సరిగ్గా ఆర్కేన్ లాక్ పొడి ఖర్చంత. వాసన, వినికిడి మీద దానికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది ఎంచుకునే వీలు) ఉంటుంది. దానికి గడువు లేదు, పాస్‌వర్డ్ లేదు, డిస్పెల్ చేయడానికి అందులో మంత్రమే లేదు.

ఇప్పుడు మా మూటలో ఎప్పుడూ ఒక ఎండు మాంసం ముక్క ఉంటుంది. జంతువుల్ని మచ్చిక చేసే యానిమల్ ఫ్రెండ్‌షిప్ మంత్రానికి ఎలాగూ తిండి ముక్క కావాలి. ఆ మంత్రం వేసే డ్రూయిడ్ (అడవి మంత్రగాడు) లేని రోజున ఉత్త మాంసమే విసిరి పరిగెత్తుతాం.